కట్టాక అడిగిన అనుమతి

రెండింటికి వస్తానని రాసింది, ఇప్పుడు రెండూ పది, నాన్న మూడోసారి తలుపు దాకా వెళ్ళి అద్దంలోంచి రోడ్డు చూసి వచ్చాడు, నేను కాఫీ మిషను పక్కన పాల గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను, గిన్నె చల్లగా ఉంది, నా చేతులు అంతకన్నా చల్లగా ఉన్నాయి. నా పని చిన్నదే. కౌన్సిల్ ఆవిడ ఈ కొత్త గదిలోకి అడుగుపెట్టగానే ఆవిరి గొట్టం తిప్పాలి, పాలు బుసబుసమనాలి, ఆగితే మళ్ళీ తిప్పాలి. రేడియో ఎలాగూ పాడుతూ ఉంటుంది, మూలన ఫ్రీజరు గురగురమంటూ ఉంటుంది, ఇన్ని చప్పుళ్ళ మధ్య ఆ ఒక్క చప్పుడు వినబడదని నాన్న లెక్క. "నువ్వేం మాట్లాడక్కర్లేదు ఎల్సీ," అన్నాడు పొద్దున టోస్టు మీద వెన్న రాస్తూ, "నోట్లో నీళ్ళు పోసుకుని పుట్టావు కదా, ఇవాళ్టికి ఆ నీళ్ళు అలాగే ఉంచుకో, చాలు." రోజూ అయితే అమ్మ ఈ మాటకు నవ్వేది. ఇవాళ స్కోను రొట్టెల పిండి మీద తడి గుడ్డ కప్పి, కిటికీలోంచి కొండ వైపు చూసింది. కొండ కనబడలేదు. మంగళవారం నుంచి ఆగని వాన, ఇవాళ గురువారం, శనివారానికి ఇంకా పెరుగుతుందని రేడియోలో పసుపు హెచ్చరిక చెప్పారు, ఆదివారం ఎదురింటి విన్నీ బెల్ ముని మనవడి బాప్టిజం, నలభై రెండు మంది, అందరూ ఇక్కడే, ఈ నేల మీదే కూర్చుంటారు.

పాట అయిపోయింది. తర్వాతి పాటకు ముందు రేడియో అతను ఊపిరి పీల్చుకునే చోట చిన్న ఖాళీ ఉంటుంది, నేను దానికోసమే కాచుకుని ఉన్నాను, ఉండకూడదనుకుంటూనే కాచుకుని ఉన్నాను, వచ్చింది, డబ్. నా కాళ్ళ కిందనుంచి కాదు, ఫ్రీజరు కిందనుంచి. మెత్తగా, బరువుగా, తడిసిన దుంగ రాతికి తగిలినట్టు. నాన్న తలెత్తలేదు. బల్ల మీద ఉప్పు సీసా జరిపి మళ్ళీ అక్కడే పెట్టాడు. నేను మొదటిసారి విన్నది మొన్న ఫిబ్రవరిలో, ఆ మూల బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటూ, ఎవరో తలుపు తట్టారనుకుని లేచి వెళ్ళి తలుపు తీశాను కూడా, బయట వాన తప్ప ఎవరూ లేరు. డైరీలో రాసుకున్నాను. అప్పటినుంచి విన్న ప్రతిసారీ రాసుకుంటున్నాను, ముందు వారానికి ఒకటి, ఆకులు రాలడం మొదలయ్యాక రోజుకు ఒకటి, నిన్న పదకొండు, ఇవాళ పొద్దున్నుంచి లెక్కపెట్టడం మానేశాను. "ఫ్రీజరు మోటారే అది," అన్నాడు నాన్న నేను అడిగినప్పుడు. అప్పుడు ఫ్రీజరు వంటగదిలో ఉండేది, ఇక్కడ కాదు. నిన్న సాయంత్రమే అమ్మా నేనూ నాన్నా ముగ్గురం కలిసి దాన్ని తోసుకుంటూ ఈ గదిలోకి తెచ్చాం, నేలలో ఇనుప మూత ఉన్న చోట సరిగ్గా దాని మీద నిలబెట్టాం. నేనూ తోశాను. భుజం ఆనించి తోశాను, ఇప్పటికీ నొప్పిగా ఉంది.

ఈ గది ఒక్కసారిగా కట్టింది కాదు, అందుకే ఇది గది అని మాకే చాలాకాలం తెలియలేదు. నాకు పదేళ్ళప్పుడు ఆ జబ్బు వచ్చిన ఏడాది ఎవరూ నాలుగు గోడల మధ్య కూర్చోకూడదన్నారు, మా టీ దుకాణంలో ఉన్న ఐదు బల్లలూ ఖాళీ, అప్పుడు కౌన్సిల్ వాళ్ళే బయట పెరట్లో వేసుకోండి, అడగక్కర్లేదు అన్నారు. నాన్న రెండు గొడుగులు పాతాడు. గాలికి గొడుగులు ఎగిరిపోతే డేరా వేశాడు. డేరాకు చలికాలం ఒక పక్క చెక్కలు కొట్టాడు, మరుసటి ఏడాది రెండో పక్క, తర్వాత రేకు కప్పు, తర్వాత కప్పులో వాన చప్పుడు వినబడకుండా దూది పలకలు. జబ్బు పోయింది, అనుమతి గడువూ పోయింది, గది మిగిలింది. ఐదు బల్లలు పదకొండయ్యాయి, అమ్మ స్కూలు వంటగదిలో ఉద్యోగం మానేసి ఇక్కడే వండుతోంది, కొండెక్కి దిగే వాళ్ళు ఆదివారం రోస్టు భోజనం కోసం ముందుగా ఫోను చేసి బల్లలు చెప్పుకుంటున్నారు. మొన్న ఏప్రిల్‌లో ఎవరో ఫిర్యాదు రాశారు, కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. కూల్చమని కాదు, కట్టేశారు కాబట్టి ఇప్పుడైనా అనుమతి అడగండి, చూసి చెబుతాం, ఇవ్వకపోతే మీ చేతులతో మీరే తీసేయాలి అని. నాన్న ఆ ఉత్తరం చదివి పెద్దగా నవ్వాడు, "పెళ్ళయి పిల్లలు పుట్టాక పిల్లనిస్తారా అని అడిగినట్టుంది," అన్నాడు. తర్వాత చాలాసేపు ఈ గదిలో ఒక్కడే కూర్చున్నాడు, తను కొట్టిన ప్రతి చెక్కనూ చేత్తో తడుముతూ. నేను తలుపు సందులోంచి చూశాను. అందుకే నాకు నాన్న మీద కోపం పూర్తిగా రాదు, సగం దాకా వచ్చి ఆగిపోతుంది.

ఇక్కడ గడ్డి ఉండేది. గడ్డి మధ్యలో ఇనుప మూత, మూత కింద రాతి తూము, తూములో మా వాగు. నూరేళ్ళ కిందట ఎవరో గొర్రెల సంత కోసం వాగు మీద రాతి వంపు కట్టి మట్టి కప్పేశారు, పై పొలంలో దూరిన నీళ్ళు మా పెరడు కిందుగా పోయి చర్చి వెనక మళ్ళీ పైకి వస్తాయి. పంతొమ్మిది మంది పిల్లలున్న మా ఊరి బడిలో గోడ మీద మేమే గీసిన పటం ఒకటి ఉండేది, వాగుకు నీలం రంగు వేసింది నేనే, మా ఇంటి దగ్గరికి రాగానే రంగు ఆపి చుక్కలు పెట్టమని మా టీచరు చెప్పింది, చుక్కలంటే కనబడదు కానీ ఉంది అని. ఏటా అక్టోబరులో, ఇదిగో ఈ సెలవుల్లోనే, తాతయ్య పొడవాటి కర్రకు ఇనుప పళ్ళు బిగించిన గొర్రు తెచ్చి మూత తీసి తూములో ఆకులు, కొమ్మలు లాగేవాడు. తీసేముందు గొర్రుతో మూత మీద మూడుసార్లు కొట్టేవాడు, డబ్, డబ్, డబ్. ఎందుకు తాతయ్యా అంటే, "కింద ఎలుకలుంటాయమ్మా, మనం వస్తున్నామని చెప్పాలి కదా, ఎవరింటికైనా తట్టకుండా వెళ్తామా," అనేవాడు. డేరా వేసిన తర్వాత కూడా మానలేదు. ఒకసారి బల్లలన్నీ నిండి ఉన్నప్పుడు రబ్బరు బూట్లతో డేరా తెర ఎత్తుకుని లోపలికి వచ్చి, "కాస్త కాళ్ళెత్తండి బాబూ," అని అందరిచేతా కాళ్ళెత్తించి, సూపు తాగుతున్న వాళ్ళ మధ్యలోంచి నల్లటి ఆకుల ముద్దలు లాగి బక్కెట్లో వేశాడు. నాన్నకు తల కొట్టేసినట్టయింది. "ఆ రాతి వంపు గొర్రెలను మోసింది, డెస్, మనుషుల్ని మోయించకు, సిమెంటు అసలే మోయించకు," అన్నాడు తాతయ్య ఆ రోజు నాన్నతో, బక్కెట్ ఎత్తుకుంటూ. నాకు పన్నెండేళ్ళప్పుడు తాతయ్య పోయాడు. ఆ తర్వాత వచ్చిన వసంతంలో నాన్న గడ్డి మీద సిమెంటు పోశాడు. మూత మాత్రం వదిలేశాడు, మంచివాడే, వదిలేశాడు, దాని మీద చాప పరిచాడు. గొర్రు గరాజులో ఉంది. మూడు శరత్తులుగా దాన్ని ఎవరూ ముట్టలేదు. తాతయ్య పైనుంచి కొట్టేవాడు, ఇప్పుడు అది కిందనుంచి కొడుతోంది.

రెండూ ఇరవై. నాన్న గడియారం కింద నిలబడి, "రాదేమో," అన్నాడు, ఆశగా అన్నాడో భయంగా అన్నాడో తెలియలేదు. అమ్మ వంటగదిలోంచి, "వస్తుంది, వాన కదా, కొండ దారి," అంది.

దరఖాస్తు నింపింది నేను. అది ఎవరికీ తెలియదు, నాన్నకు తెలుసు, నాకు తెలుసు, డైరీకి తెలుసు. నాన్నకు కంప్యూటరు ముందు కూర్చుంటే చేతులు చెమటలు పడతాయి, నాకేమో మనుషుల ముందు నిలబడితే పడతాయి, అందుకని నేను టైపు చేశాను, ఆయన వెనక నిలబడి చెప్పాడు. ఎన్ని బల్లలు, ఎన్ని కార్లు, కప్పు దేనితో వేశారు, చెట్లేమైనా నరికారా. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. మీ స్థలానికి ఇరవై మీటర్ల లోపల నది గానీ, కాలువ గానీ, వాగు గానీ ఉందా? ఔను, లేదు, రెండు గళ్ళు. నా వేలు ఆగింది. "లేదు," అన్నాడు నాన్న. నేను వెనక్కి తిరిగి చూశాను. "ఉందా ఎల్సీ? కిటికీలోంచి చూసి చెప్పు, వాగు ఎక్కడైనా కనబడుతోందా?" అన్నాడు నవ్వుతూ. "నేల మీద పారితే వాగు, నేల కింద పారితే గొట్టం. గొట్టాల గురించి వాళ్ళడగలేదు." ఆయన అబద్ధం చెబుతున్నాననుకోలేదు. ఈ ఊళ్ళో ఎవరినడిగినా అంతే అంటారు, కంటికి కనబడని వాగు మా వాళ్ళకు వాగు కాదు, తాతయ్య ఒక్కడికే అది చివరిదాకా వాగు. నేను లేదు అని నొక్కాను. చిన్న చప్పుడు, టిక్. ఇరవై మీటర్లు కాదు, నా కుర్చీ కింద రెండు మీటర్లు. ఆ రోజు డైరీలో ఏమీ రాయలేదు, తారీఖు మాత్రం వేసి పేజీ వదిలేశాను.

తర్వాత మా గుమ్మం ముందు దీపస్తంభానికి పసుపు కాగితం కట్టారు, అభ్యంతరాలుంటే మూడు వారాల్లో రాయమని. నేను రోజూ బడికి పెన్రిత్ బస్సు ఎక్కేముందు ఆ కాగితం మీద వాన చుక్కలు చూసేదాన్ని. ఎవరో ఒకరు రాస్తారు, ఎవరో ఒక పెద్దవాళ్ళకు గుర్తుంటుంది, గొర్రు పట్టుకున్న తాతయ్యను చూసిన వాళ్ళు ఎంతమంది లేరు, అనుకునేదాన్ని. నాలుగు ఉత్తరాలు వచ్చాయి, పేర్లతో సహా అందరికీ కనబడేలా కౌన్సిల్ వాళ్ళు పెట్టారు, నాలుగూ చదివాను. ఒకటి కార్ల గురించి. ఒకటి దీపాల వెలుగు గురించి. ఒకరు కప్పు రంగు కొండకు నప్పలేదన్నారు. నాలుగోది ఎదురింటి విన్నీ బెల్, వేపుడు వాసనకు ఆవిడ ఉతికిన దుప్పట్లు చేపల కంపు కొడుతున్నాయట. ఆ ఉత్తరం పెట్టిన మర్నాడే మంగళవారం చేప ముక్క తినడానికి వచ్చి, వెళ్తూ వెళ్తూ బాప్టిజం విందుకు గది మొత్తం చెప్పుకుని వెళ్ళింది. "ఏం విన్నీ, గది కూల్చమని రాసి గదిలో విందా?" అన్నాడు నాన్న. "అభ్యంతరం అభ్యంతరమే డెస్, కేకు కేకే," అందావిడ గొడుగు విప్పుతూ, "కూల్చేలోపు పిల్లాడి తల తడిపించేసుకుంటాం." అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాగు పేరు ఎవరూ రాయలేదు. నాలుగు ఉత్తరాల్లో ఎక్కడా లేదు. ఆ మూడు వారాలూ నా దగ్గర కలం ఉంది, కాగితం ఉంది, నాలుగిళ్ళ అవతల పోస్టు డబ్బా ఉంది.

పోయిన నవంబరులో ఒక రోజు పొద్దున దుకాణం తీసేసరికి చాప తడిగా ఉంది. మూత అంచుల్లోంచి నీళ్ళు ఊరాయి, అంతే, ఒక కప్పుకు మించి లేవు. నాన్న తుడిచేశాడు. మూత పక్కనుంచి తలుపు దాకా సిమెంటులో సన్నగా ఒక గీత కనబడింది, వెంట్రుకంత. వేసవిలో నేల మొత్తానికి బూడిద రంగు వేశాడు, రంగు ఆరాక గీత లేదు. పోయిన వారం మళ్ళీ ఉంది. ఇప్పుడు వెంట్రుక కాదు, నా గోరు దిగుతుంది, దించి చూశాను, వేలికి చల్లటి గాలి తగిలింది, కిందనుంచి ఎవరో ఊదినట్టు. పిల్లాడు ఎలా ఉంటాడో నాకు తెలియదు, ఆర్చీ అని పేరు పెడతారట, తెల్లటి గౌనులో ఆదివారం ఈ గీత మీద ఒడిలోంచి ఒడిలోకి మారుతుంటాడు. నలభై రెండు మంది, ఎనభై నాలుగు కాళ్ళు. ఎవరూ కాళ్ళెత్తరు.

కారు ఆగింది. నాన్న చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. లోపలికి వచ్చినావిడ పొట్టిగా ఉంది, కళ్ళద్దాల మీద వాన, చంకలో ప్లాస్టిక్ కవరులో మా కాగితాలు. తన పేరు ఆస్క్యూ అని చెప్పి చెయ్యి చాపింది. నాన్న నావైపు చూశాడు, నేను గొట్టం తిప్పాను, పాలు బుసకొట్టాయి. "మా అమ్మాయి ఎల్‌స్పెత్, పనిమంతురాలు, మాట్లాడదు," అన్నాడు నాన్న ఆ చప్పుడు మీద గొంతు పెంచి. ఆవిడ నావైపు చూసి తలూపింది, నేను గిన్నెలోకి చూశాను. టీ ఇస్తానంటే వద్దంది, తీసుకోకూడదండీ, ఫ్లాస్కు తెచ్చుకున్నాను అంది. "స్కోను కూడా లంచమేనా? మామూలుదా, ఎండుద్రాక్ష వేసినదా అన్నదాన్ని బట్టి ఉంటుందా?" అన్నాడు నాన్న. ఆవిడ నిజంగానే నవ్వింది. నాకు ఆవిడ నచ్చింది, నచ్చకుండా ఉంటే బాగుండేదనిపించింది. చిన్న ఎర్ర దీపం ఉన్న పరికరంతో గోడ నుంచి గోడకు కొలిచింది, కప్పు చూసింది, దీపాలు చూసింది, వేపుడు పొగ బయటికి పోయే గొట్టం చాలాసేపు చూసింది, అది ఎత్తు పెంచాలంది, నాన్న తప్పకుండా అన్నాడు. కార్లు ఎక్కడ పెడతారంది, నాన్న చేత్తో చూపించాడు. ఉత్తరాల్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే అడిగింది. ఉత్తరాల్లో లేనిది ఎలా అడుగుతుంది? గీత మీద రెండుసార్లు నడిచింది. ఫ్రీజరు పక్కన ఆగి దాని మీదే కాగితం పెట్టుకుని ఏదో రాసుకుంది. నేను గొట్టం తిప్పాను, పాలు పొంగి నా మణికట్టు మీద పడ్డాయి, కాలింది, కాలుతున్నా తిప్పుతూనే ఉన్నాను, నాన్న కళ్ళతోనే శభాష్ అన్నాడు.

"చూడ్డానికి బాగానే ఉంది ఫియరన్ గారూ," అంది ఆవిడ కవరు మూస్తూ. "పొగ గొట్టం సంగతి చూడండి. నేను నా సిఫారసు రాస్తాను. ఇంకేమైనా చెప్పాల్సింది ఉందా?"

"ఇంకేముంటుందండీ," అన్నాడు నాన్న. ఆయన మొహంలో ఏప్రిల్ నుంచి చూడని వెలుగు. ఇంకో నిమిషంలో ఆవిడ వెళ్ళిపోతుంది, గదికి కాగితం వస్తుంది, కాగితం వచ్చిన గదిని ఇక ఎవరూ చూడటానికి రారు, మూత మీద ఫ్రీజరు అలాగే ఉంటుంది, గొర్రు తుప్పు పడుతుంది. చెప్పాలి. నోరు తెరిచాను, నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది, బడిలో పటం ముందు నిలబెట్టి ఇది ఏ వాగు అని టీచరు అడిగినప్పుడూ ఇంతే, తెలిసీ నిలబడిపోయాను. మాట రాదు. రాదని నాన్నకు తెలుసు, అందుకే నన్ను ఇక్కడ నిలబెట్టాడు. నా వెనక గోడ మీద ఎర్ర స్విచ్చు ఉంది, మూసేటప్పుడు ఒక్క నొక్కుతో గది మొత్తం ఆగిపోవాలని నాన్నే పెట్టింది, మిషను, రేడియో, ఫ్రీజరు, దీపాలు. దానికి మాటలక్కర్లేదు. నా చెయ్యి వెనక్కి వెళ్ళడం నాకు తెలుసు, వేళ్ళకు ప్లాస్టిక్కు తగలడం తెలుసు, నొక్కింది నేనేనని తెలుసు.

గది చీకటైంది. రేడియోలో సగం పాడిన మాట సగంలోనే పోయింది. ఫ్రీజరు ఒక్కసారి వణికి ఊరుకుంది. కప్పు మీద వాన తప్ప ఏమీ లేదు, దూది పలకల వల్ల అదీ ఎక్కడో దూరంగా. "ఎల్సీ?" అన్నాడు నాన్న. ఆస్క్యూ గారు చేతిలో కవరుతో నిలబడిపోయింది. ఏమీ లేదు. ఏమీ వినబడలేదు. ఇన్నాళ్ళూ నేనే ఊహించుకున్నానా, డైరీ నిండా తప్పు రాశానా అనుకున్నాను, ఒక్క క్షణం ఎంత హాయిగా అనిపించిందంటే ఏడుపొచ్చింది. "ఫ్యూజు పోయినట్టుంది, పాత తీగలు," అంటున్నాడు నాన్న, "లోర్నా! ఆ స్విచ్చు వెయ్!" అమ్మ వంటగది గుమ్మంలోకి వచ్చింది, చేతులకు పిండి, స్విచ్చుకు రెండడుగుల దూరంలో ఆగింది. నావైపు చూసింది. కదల్లేదు.

డబ్.

ఫ్రీజరు మీద పెట్టిన గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. ఆస్క్యూ గారు తల వంచి నేలను చూసింది, తర్వాత తన బూట్లను చూసుకుంది, తర్వాత బూట్ల మధ్యనుంచి తలుపు దాకా పోయిన గీతను. ఇప్పుడు ఆ గీత పొడుగునా తడి మెరుస్తోంది. డబ్. వెంటనే ఇంకో రెండు, డబ్, డబ్, మొత్తం మూడు, తాతయ్య కొట్టినట్టే, వస్తున్నానని చెబుతున్నట్టే.

"ఫియరన్ గారూ," అంది ఆవిడ చాలా నెమ్మదిగా, కాలు ఎత్తి గీత ఇవతలికి పెట్టుకుంటూ, "కింద ఎవరున్నారు?"

నాన్న నావైపు తిరిగాడు. కోపంగా కాదు, చీకట్లో తడుముకునే వాడిలా చూస్తున్నాడు. అమ్మా నన్నే చూస్తోంది. ఆవిడా నావైపు తిరిగింది. ఇంతమంది నన్ను ఒకేసారి చూడటం ఎప్పుడూ జరగలేదు. చేతులు చెమట పట్టాయి, కాలిన మణికట్టు మండింది.

"వాగు," అన్నాను.